వాటా కాగితం భూమి కాదు

"కొండ తవ్వితే మీకూ వాటా ఇస్తాం." ఈ మాట మన గూడేలకు కొత్త కాదు. ఆదివాసీల పేరు మీదే కంపెనీ పెడితే ఇక అన్యాయం ఎక్కడిదని చదువుకున్న మన పిల్లలే కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. ఈ పని అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ ఏమైందో తెలుసుకోకుండా మనం తల ఊపకూడదు.

1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. తరతరాలుగా అక్కడ బతుకుతున్న ఇనూపియాట్, యూపిక్, అథబాస్కన్, ట్లింగిట్, హైదా ప్రజలను ఎవరూ అడగలేదు. 1959లో అలాస్కా రాష్ట్రమైంది. కొత్త రాష్ట్రానికి పది కోట్ల ఎకరాలకు పైగా ఏరుకునే హక్కు ఇచ్చారు. భూమి మాదంటూ ఆదివాసీలు 1966లో సమాఖ్యగా ఏర్పడ్డారు. 1968లో ఉత్తరాన ప్రూడో బేలో చమురు పడింది. దాన్ని తరలించే 800 మైళ్ల పైపులైను వేయాలంటే నేల ఎవరిదో ముందు తేలాలి. వందేళ్లు పట్టించుకోని ప్రభుత్వం అప్పుడు మూడేళ్లలో చట్టం తెచ్చింది. పైపు కోసం వచ్చిన తొందర అది.

1971 డిసెంబర్ 18 నాటి ఆ చట్టం ఆదివాసీలకు 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు ఇచ్చింది. వినడానికి చాలా పెద్ద లెక్క. కానీ ఆ భూమి అలాస్కాలో దాదాపు ఎనిమిదో వంతు మాత్రమే. మిగతా నేల మీద హక్కు రద్దయింది. అనాదిగా ఉన్న వేట హక్కు, చేపల హక్కు కూడా అదే కలంపోటుతో పోయాయి. ఇచ్చిన భూమినైనా ఊరి సభ చేతిలో పెట్టలేదు. 12 ప్రాంతీయ కంపెనీలు, రెండు వందలకు పైగా గ్రామ కంపెనీలు పెట్టించి వాటి పేరున రాశారు. గ్రామ కంపెనీ భూమికి పైనేల దానిది, కింద ఉన్న ఖనిజం ప్రాంతీయ కంపెనీది. మనుషులకు దక్కింది తలా వంద షేర్లు.

ఆ షేర్లు కూడా ఆ తేదీకి పుట్టి ఉన్నవారికే. మర్నాడు పుట్టిన బిడ్డకు తాతల నేలలో సొంత వాటా లేదు. పెద్దవాళ్లు చనిపోతే వారసత్వంగా రావాలి, లేదా ఎవరైనా దానంగా ఇవ్వాలి. తర్వాత చట్టాన్ని సవరించి, వాటాదారులు ఓటేస్తే కొత్తవారికి షేర్లు ఇవ్వవచ్చన్నారు. కొన్ని కంపెనీలు ఇచ్చాయి, కొన్ని ఇవ్వలేదు. పంచుకునేవారు పెరిగితే ఒక్కొక్కరికి వచ్చే డబ్బు తగ్గుతుంది కదా! మన దగ్గర బిడ్డ పుడితే ఊరికి బలం. షేర్ల లెక్కలో పుట్టిన ప్రతి బిడ్డా నష్టమే.

కంపెనీ లాభం చూసుకుంటుంది. ఆగ్నేయ అలాస్కాలో ట్లింగిట్, హైదా ప్రజల కంపెనీలే తమ అడవులను మొదలంటా నరికించి దుంగలను జపాన్‌కు అమ్మాయి. నరికేది బయటివాడైతే ఊరంతా అడ్డం నిలబడవచ్చు. సంతకం మన అన్నదే అయితే ఎవరికి అడ్డం నిలబడాలి?

వెనిటీ, ఆర్కిటిక్ విలేజ్ అనే రెండు గ్విచిన్ ఊళ్లు ఆ డబ్బు వద్దని తమ 18 లక్షల ఎకరాలే తీసుకున్నాయి. తర్వాత ఆ భూమిని కంపెనీ నుంచి తెగ ప్రభుత్వానికి మార్చుకున్నాయి. అక్కడ బడి కట్టడానికి వచ్చిన కాంట్రాక్టర్ మీద ఆ తెగ ప్రభుత్వం పన్ను వేసింది. 1998లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పన్ను చెల్లదంది. ఆ నేల ఆదివాసీ పాలన కిందికి రాదని తేల్చింది. పట్టా ఉంది, పెత్తనం లేదు.

మంచి ఏమీ జరగలేదని మేం అనడం లేదు. కొన్ని కంపెనీలు ఉద్యోగాలు, చదువుకు సాయం ఇస్తున్నాయి. కానీ టీచర్లుగా మనం గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. హైస్కూల్ చదువు కోసం అక్కడి పిల్లలను ఇంటికి వందల మైళ్ల దూరంలోని హాస్టల్ బడులకు పంపేవారు. సొంత భాష మాట్లాడితే దండించిన బడులు ఎన్నో. యూపిక్ అమ్మాయి మాలీ హూచ్ పేరు మీద నడిచిన కేసు వల్ల 1976లో ఒప్పందం కుదిరి, 126 ఊళ్లకు హైస్కూల్ హక్కు వచ్చింది. కట్టడానికి చమురు ఆదాయం పనికొచ్చిన మాట నిజం. కానీ ఆ బడులు డివిడెండ్‌గా రాలేదు. పిల్లలు కోర్టుకెక్కితే వచ్చాయి.

మనకు 1/70 చట్టం ఉంది. 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదంది. ప్రభుత్వ సంస్థలకు, ఆదివాసీ సహకార సంఘాలకు మాత్రం దారి ఉంచింది. మన పేరు పెట్టుకుని బినామీలు రాగలిగింది ఆ దారినే. అందుకే వాటా అని ఎవరొచ్చినా గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి. భూమి ఎవరి పేరున ఉంటుంది? రేపు పుట్టే బిడ్డకు అందులో ఏముంది? వద్దని ఊరు అంటే ఆగుతారా? మూడింటికీ జవాబు రాతపూర్వకంగా రానంతవరకు సంతకం పెట్టకండి, పెద్దవాళ్ల చేత వేలిముద్ర వేయించకండి.