రాత్రి రెండింటికి మెలకువ... తప్పు మాత్రదేనా?

పోయిన వారం నాకొచ్చిన మెసేజ్‌లలో ఒకటి రాత్రి 2:17కి పంపింది. "అక్కా, థైరాయిడ్ మాత్ర మొదలెట్టాక నిద్ర పోయింది. మానేద్దామనుకుంటున్నా. ఏమంటావ్?"

మానేయొద్దు తల్లీ, అని వెంటనే రిప్లై ఇచ్చా. ఎందుకంటే ఆ రెండు గంటల సీలింగ్ ఫ్యాన్‌ని నేనూ చాలా రాత్రులు చూశాను. నా విషయంలో తప్పు మాత్రది కాదు, నాది.

ముందు మాత్ర లేని రోజులు చెప్తాను. రోజుకి పది గంటలు పడుకున్నా చాలేది కాదు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగాల్సింది పోయి ఎల్బీనగర్‌లో కళ్లు తెరిచిన రోజులున్నాయి. అమ్మ నన్ను "కుంభకర్ణుడి చెల్లెలా" అని లేపేది. (కుంభకర్ణుడి చెల్లెలంటే శూర్పణఖ అని ఆ కోపంలో ఆవిడకి గుర్తుండేది కాదు.) బద్ధకం అనుకున్నారు, నేనూ అదే అనుకున్నా. చివరికి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 14 దాటింది. 50 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ రాశారు. రెండు నెలల్లో మనిషినయ్యాను.

అక్కడితో ఆగితే ఈ కాలమ్ ఉండేది కాదు. నిద్రమత్తు పోయింది కానీ నేను ఆశపడ్డంత బరువు తగ్గలేదు. జిమ్‌లో ఒకాయన "ఇంకోటి వేస్కోండి మేడమ్, మెటబాలిజం పెరుగుద్ది" అన్నాడు. డాక్టర్‌కి చెప్పకుండా రోజుకి రెండు వేసుకోవడం మొదలెట్టా. సీసా ఖాళీ అయితే మందుల షాపులో పాత చీటీ చూపించి ఇంకోటి తెచ్చుకున్నా. మూడో వారానికి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది. ఏసీలో చెమట. టీ కప్పు పట్టుకుంటే సాసర్ గలగల. నెలన్నర తిరిగేసరికి టీఎస్‌హెచ్ 0.05. డాక్టరమ్మ రిపోర్ట్ చూసి, నన్ను చూసి, "ఎన్ని వేసుకుంటున్నావ్ నిజం చెప్పు" అంది. చెప్పా. ఆ తర్వాత తిన్న తిట్లు ఇక్కడ రాయలేను. సన్నబడటానికి వాడే మందు కాదిది, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఏళ్ల తరబడి అలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి అని మాత్రం రెండుసార్లు చెప్పింది.

డోసు తగ్గించిన రాత్రే హాయిగా నిద్రపడుతుందనుకున్నా. పట్టలేదు. కారణం చాలా సింపుల్. ఈ మాత్రలో ఉండేది టి4. ఇవాళ వేసుకున్నదాంట్లో సగం, వారం తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. అందుకే డోసు పెంచినా తగ్గించినా ఒళ్లు కొత్త లెక్కకి కుదురుకోవడానికి ఐదారు వారాలు పడుతుంది. డాక్టర్లు 6 నుంచి 8 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించమనేది అందుకే. ఒకరోజు మర్చిపోతే కొంపలేం మునగవనేదీ అందుకే.

"మరి అమెరికాలో మా కజిన్ వేరే ఏదో వాడుతుందంట" అని కొందరు అడుగుతుంటారు. ఉన్నవి ప్రధానంగా మూడు దారులు. మొదటిది మనందరం వాడే టి4. ఒళ్లు తనకి కావాల్సినప్పుడు దాన్ని టి3గా మార్చుకుని వాడుకుంటుంది. రెండోది నేరుగా టి3. ఇది కొన్ని గంటల్లోనే రక్తంలో శిఖరానికి చేరి, రోజు తిరిగేసరికి సగానికి పడిపోతుంది. గుండె దడ, నిద్రలేమి లాంటివి దీంతో తొందరగా తెలుస్తాయి. అందుకే ఇచ్చినా చిన్న మోతాదుల్లో, రోజులో రెండు మూడుసార్లుగా ఇస్తారు. టి4, టి3 కలిపి ఇస్తే మేలా అని చాలా పరీక్షలు జరిగాయి. అందరికీ మేలని తేలలేదు. కొందరు మాత్రం మాకు బాగుందంటారు. అది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట, రీల్ చూసి కాదు.

మూడోది పంది థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి చేసిన మాత్ర. నవ్వకండి, ఈ వైద్యం మొదలైందే అలాగ. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒకావిడకి ఎక్కించాడు. ఆవిడ ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. అయితే పంది గ్రంథిలో టి3 పాలు మనిషి గ్రంథిలో కంటే బాగా ఎక్కువ. "నేచురల్" అనే మాట వినసొంపుగా ఉన్నంత మాత్రాన అది మన ఒంటికి సహజం అయిపోదు.

ఇక అసలు ప్రశ్న: రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతుందా? టి4 అంత నింపాదిగా పనిచేస్తుంది కాబట్టి, సాయంత్రం కాఫీలాగ ఆ రాత్రికే కళ్లు తెరిపించదు. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. పడుకునేముందు వేసుకున్నప్పుడు హార్మోన్ స్థాయిలు పొద్దున వేసుకున్నప్పటికంటే మెరుగ్గా వచ్చాయి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ కూడా రెండు దారులూ సరేనంది: టిఫిన్‌కి గంట ముందు, లేదా రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత. యూఎస్ షిఫ్ట్ చేసే నా ఫ్రెండ్స్‌కి ఇది పెద్ద ఊరట. సూర్యుడు ఎక్కడున్నాడన్నది కాదు, కడుపు ఖాళీగా ఉందా లేదా అన్నదే లెక్క. రోజూ ఒకే పద్ధతి పెట్టుకుంటే చాలు. పదకొండింటికి బిర్యానీ తిని పన్నెండింటికి మాత్ర వేసుకుంటే మాత్రం ఆ మాత్ర వంటబట్టదు. కాఫీ, పాలు కూడా అడ్డమే. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి.

జుట్టు కోసం బయోటిన్ గమ్మీలు తినేవాళ్లు ఇక్కడ ఆగండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా చూపిస్తుంది. అది నమ్మి డోసు తగ్గిస్తే మళ్లీ ఎల్బీనగర్! పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ల్యాబ్‌కి చెప్పాలి. అలాగే రాత్రంతా మేలుకుని తెల్లారగానే రక్తం ఇచ్చినా టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ చూపించొచ్చు.

టీఎస్‌హెచ్ బాగున్నా నిద్ర బాలేకపోతే? గురక ఉందా, కాళ్లు లాగుతున్నాయా, ఐరన్ తక్కువుందా... ఇవి వేరే చూపించుకోవాలి. అన్నీ థైరాయిడ్ నెత్తిన రుద్దడం మనకి అలవాటైపోయింది.

మెసేజ్ పెట్టిన అమ్మాయిని అడిగా, రోజూ ఎన్నింటికి వేసుకుంటున్నావని. కాసేపు టైపింగ్... ఆగింది... మళ్లీ టైపింగ్. "సంబంధాలు చూస్తున్నారక్కా. ఎవరైనా వస్తే కనబడుతుందని అమ్మ సీసా బీరువాలో బట్టల కింద పెట్టించింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేసుకుంటా. ఒక్కోసారి మూడు రోజులవి ఒకేసారి."

నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు. కళ్లజోడు పెట్టుకున్నంత మామూలు విషయానికి బట్టల కింద దాక్కోవాల్సిన గతి ఏంటి? రేపు అత్తారింట్లో ఏ బట్టల కింద పెడుతుంది? గర్భం వస్తే ఈ మాత్ర ఆపడం కాదు, చాలామందికి పెంచాల్సి వస్తుంది. అప్పుడు దాస్తే ఇద్దరి ప్రాణాలతో ఆట. ఇదంతా వాయిస్ నోట్‌లో చెప్పి, "మీ అమ్మగారికి వినిపించు" అన్నా. మూడు రోజులవి కలిపి మింగడం ఆపి డాక్టర్‌ని కలవమన్నా.

మొన్న రక్తం ఇచ్చి వచ్చిందట, రిపోర్ట్ ఇంకా రాలేదు. తను ఒప్పుకుంది కాబట్టే ఇదంతా రాస్తున్నా. నిన్న సాయంత్రం ఒక ఫొటో పంపింది. డైనింగ్ టేబుల్ మీద, ఆవకాయ జాడీ పక్కన, మంచినీళ్ల బాటిల్‌కి ఆనించి మాత్రల సీసా. కింద ఒకే లైను: "అమ్మే పెట్టింది."