ధైర్యం చెప్పకండి, తోడు రండి

రొమ్ము క్యాన్సరొచ్చిన ఆడమనిషికి అందరూ చెప్పేది ఒకటే: ధైర్యంగా ఉండమ్మా, సగం జబ్బు ధైర్యంతోనే పోతుంది. చెప్పేవాళ్ల సొమ్మేం పోయింది! మేము అడుగుతున్నాం. ఈ ధైర్యం ఏ సంతలో దొరుకుతుంది? కిలో ఎంత?

ధైర్యం ఊరికే పుట్టదు. కట్టుకున్నోడు పక్కన కూర్చుంటే పుడుతుంది. పిల్లలకి వండిపెట్టే ఇంకో చెయ్యి ఉంటే పుడుతుంది. చదువుకున్నోళ్లు దీన్నే సామాజిక మద్దతు, మనోస్థైర్యం అంటున్నారు. మా వాడ ముసలమ్మలకిది ఎప్పుడో తెలుసు.

గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పిలేని దానికోసం ఏ మాలమాదిగ తల్లి కూలి పోగొట్టుకుంటుంది? పుండుపడ్డాక పెద్దాసుపత్రికి పోతే, ఇన్నాళ్లూ ఏం చేశావని గద్దింపు. కూలి చేసిందయ్యా, ఇంకేం చేసింది!

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషన్‌కి, కీమోకి, కరెంటుకి డబ్బు దొరికింది. ఆడవాళ్లకి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి బస్సు ఉచితం. మంచిదే, కాదనం. కానీ కీమో ఎక్కువగా 21 రోజులకొకసారి, నెలల తరబడి. కరెంటైతే వారానికి ఐదు రోజులు, వరసగా కొన్ని వారాలు. రోగి కూలి పోయె. తోడొచ్చిన చెల్లెలి కూలీ పోయె. ఆ లెక్క ఏ కార్డు మీద రాస్తారు?

ఇక మన సంగతి. ఊరిని అడిగిన నోటితోనే ఇంటినీ అడగాలి. సభల్లో జెండా మోసిన అక్క రొమ్ము తీయించుకుని ఇంటికొస్తే ఎంతమంది నాయకులు ఆమె గడప తొక్కారు? క్యాన్సర్ అంటుజబ్బు కాదు. అయినా ఆమెకి గ్లాసు వేరుగా పెట్టింది మనోళ్లు కాదా? హోటల్లో రెండు గ్లాసుల మీద కొట్లాడిన మనమే ఇంట్లో మూడో గ్లాసు పెట్టామా? సిగ్గుపడదాం.

అమెరికా నల్లజాతి కవయిత్రి ఆడ్రె లార్డ్ 1978లో రొమ్ము తీయించుకుంది. ఏమీ జరగనట్టు కనపడ్డానికి దొంగరొమ్ము పెట్టుకోమంటే ససేమిరా అంది. తనని నిలబెట్టిన ఆడవాళ్ల గురించి 1980లో 'ది క్యాన్సర్ జర్నల్స్'లో రాసింది. 1972లో నల్లవాళ్ల దగ్గర పాంథర్ల పేరు తెచ్చుకున్నాం. ఈ తోడునీ తెచ్చుకుందాం.

వైద్యం సాగినన్నాళ్లూ రోగికీ, తోడుమనిషికీ సర్కారు రోజుకూలి కట్టివ్వాలి. ప్రతి వాడలో ఆసుపత్రికి తోడుపోయే ఇద్దరు ఆడవాళ్లని సంఘం నిలబెట్టాలి. వాళ్ల కూలి సంఘం చందాలోంచి పోవాలి.

ఇవి చేశాక రండి, ధైర్యం గురించి మాట్లాడదాం.