ఇంటి ఎదుటి గోడ, ఇంటి ఎదుటి కాలువ

వానాకాలంలో కోనసీమ రైతు ఆకాశం కన్నా మురుగు కాలువను చూసి ఎక్కువ భయపడతాడు. గుర్రపుడెక్క, పూడిక పేరుకుపోతే కౌశిక వంటి డ్రెయిన్లలో నీరు కదలదు, చేలు మునుగుతాయి. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో గిట్టుబాటు ధరతోపాటు ఈ ముంపు కూడా ఉంది. పెద్ద డ్రెయిన్లు తవ్వించడం ప్రభుత్వం పనే, అందుకు నిలదీయాల్సిందే. కానీ 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చి కాలువల నిర్వహణలో రైతులకూ బాధ్యత దక్కినా, ‘కాలువ సర్కారుది’ అనే మాట మన నోటి నుంచి పోలేదు. ప్రేమవిందు ముగిశాక మన చర్చి ప్లేట్లు ఏ బోదెలో తేలుతున్నాయో కాస్త చూడండి!

యెరూషలేము గోడ కట్టినవారిలో కంసాలులున్నారు, అత్తరు చేసేవారున్నారు, ఒకాయనైతే కూతుళ్లతో సహా వచ్చాడు. చాలామంది తమ ఇంటి ఎదుటి భాగాన్నే బాగుచేశారు (నెహెమ్యా 3). తెకోవ ఊరి పెద్దలు మాత్రం మెడ వంచలేదు. అదే ఊరి సామాన్యులు తమ వంతు ముగించి మరో భాగం కూడా కట్టారు.

వేసవిలో కాలువలు కట్టేశాక మన వీధి బోదెలోకి దిగుదామని సంఘంలో అడిగాం. పారలు తెస్తామని యౌవనస్థులు అప్పుడే చెప్పారు. పెద్దల జవాబు కోసం చూస్తున్నాం.