ఆవాల ఆమ్లం, మాంసకృత్తుల తూకం

సినాపినిక్ ఆమ్లం మన విద్యార్థులకు రెండు వేర్వేరు పాఠాలలో ఎదురవుతుంది. నూనెగింజల పాఠంలో అది ఆవ చెక్కకు చేదునిచ్చే సినాపిన్‌లో భాగం. తెల్ల ఆవ ప్రజాతి పేరైన సినాపిస్ నుండే దానికి ఆ పేరు వచ్చింది. గోధుమరంగు గుడ్లు పెట్టే కొన్ని కోళ్లకు ఈ జాతి చెక్కను అధికంగా మేపితే గుడ్లకు చేపవాసన పట్టడానికీ సినాపినే కారణం. మాస్ స్పెక్ట్రోమెట్రీ పాఠంలో అదే ఆమ్లం మాట్రిక్స్. రెండూ ఒకటేనని గుర్తించకపోయినా పెద్ద నష్టం లేదు. మాట్రిక్స్ చేసే పని తెలియకపోతే మాత్రం నష్టముంది.

మాంసకృత్తుల కోసం ఈ ఆమ్లాన్ని 1989లో బీవిస్, చైట్ ప్రతిపాదించారు. నమూనాను మాట్రిక్స్ ద్రావణంతో కలిపి లోహఫలకంపై చుక్కగా ఆరబెడితే స్ఫటికాలేర్పడతాయి. 337 నానోమీటర్ల లేజర్ కాంతిని ముందుగా గ్రహించేది మాట్రిక్సే. దానితోపాటు మాంసకృత్తి విచ్ఛిన్నం కాకుండా ఆవేశం పొంది పైకి లేస్తుంది. కాబట్టి ఫలకంపై మన నమూనా ఒంటరిగా ఉండదు, దానికన్నా ఎన్నో రెట్లు మాట్రిక్స్ ఉంటుంది. 224 డాల్టన్ల ఈ అణువు నీటి అణువును కోల్పోయి మాంసకృత్తికి అతుక్కోగలదు. అప్పుడు 10,000 డాల్టన్ల శిఖరం పక్కనే 10,206 వద్ద మరో చిన్న శిఖరం కనిపిస్తుంది. లవణాలు సరిగా తొలగించకపోతే సోడియం వల్ల 22 డాల్టన్ల తేడాతో ఇంకొకటి వస్తుంది.

విత్తన మాంసకృత్తుల ద్వారా రకాలను పోల్చే పరిశోధనలో ఈ 206 తేడాను రకభేదమని రాస్తే పర్యవసానం పత్రంతో ఆగదు. జన్యుశుద్ధి లేదన్న నివేదికతో విత్తన సంచులు తిరిగి వచ్చేది విత్తనోత్పత్తి రైతు ఇంటికే. ఆ నివేదికను రైతుకు వివరించవలసినవారు విస్తరణ శాస్త్రవేత్తలు.

ఇదంతా పరికరం నడిపేవారి బాధ్యత అని కొందరు సహాధ్యాపకులు అంటారు. నేను అంగీకరించను. నడిపేవారికి చుక్క తెలుసు, పంట తెలియదు. శిఖరానికి అర్థం చెప్పేది నమూనా పంపినవారే. నేను పరీక్షించిన సిద్ధాంత గ్రంథాలలో పరికరం నమూనా సంఖ్య సహా ఉంటుంది, మాట్రిక్స్ పేరు తరచుగా ఉండదు.

312 డాల్టన్ల అఫ్లాటాక్సిన్ బి1 వంటి చిన్న అణువులకు ఈ మార్గం ఎంచుకోవడం నా దృష్టిలో అనుచితం. ఆ పరిధి మాట్రిక్స్ సొంత శిఖరాలతోనే కిక్కిరిసి ఉంటుంది. వాటికి ద్రవ క్రొమాటోగ్రఫీ ఉంది.

స్నాతకోత్తర గ్రంథాల పద్ధతుల అధ్యాయంలో మాట్రిక్స్ పేరు, ద్రావణి, లవణాల తొలగింపు విధానం తప్పనిసరి చేయాలి. నమూనా లేని మాట్రిక్స్ వర్ణపటాన్ని అనుబంధంలో జతపరచాలి. దానికి అయ్యే ఖర్చు ఫలకంపై ఒక్క చుక్క, కొన్ని నిమిషాల సమయం.