వేరే గది ఎక్కడుంది?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళు కుప్పలుగా చచ్చాయి. తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి దగ్గర కానూరు అగ్రహారం, ఆనక మన ఎన్టీఆర్ జిల్లాలో గంపలగూడెం. బర్డ్ ఫ్లూ అన్నారు. ఫారం చుట్టూ కిలోమీటరు గీత గీసి, ఉన్న కోళ్ళన్నీ చంపి, గోతులు తీసి సున్నం చల్లి పూడ్చారు. మార్చిలో పల్నాడు జిల్లా పసిపిల్ల ఒకతె, రెండేళ్ళది, మంగళగిరి ఎయిమ్స్‌లో ప్రాణం వదిలింది. ఆ పిల్లకు సోకింది హెచ్5ఎన్1 వైరసేనని పూణే వైరాలజీ సంస్థ తేల్చింది. ఈ వైరస్ కోడి నుంచి మనిషికి ఎప్పుడో ఒకసారి వస్తుంది గానీ, మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం ఇంకా నేర్చుకోలేదు. నేర్చిన రోజున మన పేటలూ, పల్లెలూ ఏ స్థితిలో ఉంటాయి? అది తెలియాలంటే 2020 సంగతి మరోసారి తిరగెయ్యాలి. పాలకులు మరిచిపోయారు, మనం మరిచిపోకూడదు.

కరోనా ఊపిరితో పాకింది. మాట్లాడినా, దగ్గినా, గట్టిగా నవ్వినా నోట్లోంచి కంటికి కనపడని తుంపర గాల్లోకి వస్తుంది. తలుపులు మూసిన ఇరుకు గదిలో అది పొగలాగా నిలబడిపోతుంది. జ్వరం రావడానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి దాన్ని ఇతరులకు అంటించగలడు. తనకి వచ్చిందని తనకే తెలియదు! గాలి ద్వారా రాదని 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే చాటింది. గాలిలో కూడా పాకుతుందని 2021లో ఒప్పుకుంది. ఈలోగా మన దగ్గర ఏం చేశారు? వీధుల్లో హైపోక్లోరైటు నీళ్ళు కొట్టించారు. బయట వీధుల్లో మందు కొడితే లాభం లేదని 2020 మే నెలలోనే తేలినా కొట్టడం ఆపలేదు. ఆ పంపు వీపున మోసిందెవరో, ఆ ఘాటుకి కళ్ళు మండిందెవరికో వేరే చెప్పాలా?

బెజవాడ కృష్ణలంక సంగతి అందరికీ తెలిసిందే. 2020 ఏప్రిల్‌లో ఒక లారీ డ్రైవర్ ఇంటి చుట్టుపక్కల వాళ్ళతో పేకాట ఆడాడనీ, ఆయన వల్ల 24 మందికి అంటుకుందనీ అధికారులు ప్రకటించారు. కార్మికనగర్‌లో ఇంకో డ్రైవర్ వల్ల 15 మందికి అన్నారు. పత్రికలకి పండగయింది. పేకాటే కరోనాని పుట్టించినట్టు రాశారు. కృష్ణలంకలో సందులు చూసినవాళ్ళు ఆ రాతలు రాయలేరు. కరకట్ట కింద ఇంటికీ ఇంటికీ ఒకటే గోడ. ఒక గది, అందులోనే పొయ్యి, అందులోనే పడక. ఏప్రిల్ ఎండల్లో ఆ గదిలో ఆరుగురు రోజంతా కూర్చోగలరా? పేక ముక్కలు లేకపోయినా ఆ వైరస్ ఆ గోడలు దాటేది. దేశమంతా తలుపులు మూసుకుంటే బియ్యం, మందులు, కూరగాయలు మోసుకొచ్చింది లారీ డ్రైవర్లే. ఎయిడ్స్ రోజుల్లోనూ నిందపడింది వాళ్ళమీదే. ఆ ఏప్రిల్‌లోనే ఢిల్లీ వెళ్ళొచ్చిన ముస్లింల మీద కూడా ఇదే నింద మోపారు. విమానం దిగినవాళ్ళని అయ్యా అన్నారు, లారీ దిగినవాణ్ణి వాడూ వీడూ అన్నారు.

ఇక ఆ మాట, 'సామాజిక దూరం'. డెల్టాలో ఏ పల్లెనయినా అడగండి, ఆ మాట మనకి కొత్తది కాదు. తెనాలి పక్కన చుండూరులో 1991 ఆగస్టు 6న ఊచకోత జరగడానికి ముందు దళితులకి విధించింది సాంఘిక బహిష్కరణే. కూలికి పిలవలేదు, పొలాల్లో అడుగు పెట్టనివ్వలేదు. రోగానికి కావలసింది మనుషుల మధ్య గాలి ఆడేంత ఎడం మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చి 20న ఆ మాట వద్దు, 'భౌతిక దూరం' అందాం అంది. మన ప్రభుత్వాల చెవికి ఎక్కలేదు. మాట సంగతి అలా ఉంచినా, దూరం పాటించడానికి చోటుండాలి కదా! ఇంట్లోనే ఉండి కోలుకోవాలంటే రోగికి గాలి వచ్చే వేరే గది, వేరే మరుగుదొడ్డి ఉండాలని సర్కారు కాగితంలో రాశారు. మాలపల్లెలో, మాదిగ గూడెంలో ఎన్ని ఇళ్ళకి వేరే గది ఉంది? పద్నాలుగు రోజులు పనికి పోకపోతే పొయ్యి ఎలా రాజుకుంటుంది? జ్వరం దాచుకుని నాట్లకి పోయిన ఆడమనిషిని తప్పుపట్టేవాళ్ళు ముందు ఆ పద్నాలుగు రోజుల కూలి ఎవరిస్తారో చెప్పాలి.

వైరస్‌ని ఆపే పని ఎవరు చేశారన్నది కూడా లెక్కలోకి రావాలి. ఇల్లిల్లూ తిరిగి జ్వరం అడిగింది ఆశా అక్కలు. రోగుల ఇళ్ళ చెత్త ఎత్తింది, ఆస్పత్రి వార్డులు కడిగింది పారిశుధ్య కార్మికులు. 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రిలో ముఖ్యమంత్రి సమక్షంలో రాష్ట్రంలో తొలి టీకా వేసింది ఒక పారిశుధ్య కార్మికురాలికి. ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. మంచిదే, మేం కాదనం. 2023 డిసెంబర్ 26న అదే మునిసిపల్ కార్మికులు జీతం పెంచమని, పర్మినెంటు చెయ్యమని చీపుళ్ళు కింద పెట్టి రోడ్డెక్కారు. జనవరి దాకా రోడ్డు మీదే ఉన్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే ఆ బురద ఎత్తడానికి మళ్ళీ వాళ్ళే కావలసొచ్చారు.

మాస్కు అడిగితే ఏమయిందో డాక్టర్ సుధాకర్ గారి కథ చెబుతుంది. నర్సీపట్నం ఆస్పత్రిలో మత్తు డాక్టరు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదన్నందుకు సస్పెండయ్యాడు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చేతులు వెనక్కి విరిచి కట్టి ఆటోలో పడేశారు. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. ఏడాది తిరగ్గానే, 2021 మేలో, ఆయన గుండె ఆగింది. మాస్కు పెట్టుకోలేదని 2020 జులైలో చీరాలలో పోలీసులు ఆపిన దళిత యువకుడు తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టారని తల్లిదండ్రులు. మాస్కు అడిగినవాడు దళితుడే, మాస్కు లేనివాడూ దళితుడే.

ఇప్పుడు బర్డ్ ఫ్లూ దగ్గరికొద్దాం. చంపిన కోడికి లెక్కగట్టి యజమానికి పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది. అది ఉండాలి కూడా, లేకపోతే రోగం దాచి కోళ్ళు అమ్మేస్తారు. మరి ఫారం మూతపడితే అందులో పెంట ఎత్తే కూలికి? కోడికి ఉన్న ఖరీదు ఆ కూలికి లేదా? చచ్చిన కోళ్ళని ఒట్టి చేతులతో ఎత్తొద్దు, కాలవల్లో వెయ్యొద్దు, పశువుల డాక్టరుకి చెప్పండి. మాంసం, గుడ్లు బాగా ఉడికించి తినండి. పచ్చిముక్క పిల్లలకి పెట్టకండి. ఫారం పనివాళ్ళలో ఎవరికయినా జ్వరం, దగ్గు వస్తే ఫలానా ఫారంలో చేస్తున్నానని ఆస్పత్రిలో గట్టిగా చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరం బిళ్ళ ఇచ్చి పంపేస్తారు.

కార్యకర్తలకి ఒక పని. వచ్చే గ్రామసభలో, వార్డు సమావేశంలో లేచి నిలబడి అడగండి. రేపు అంటురోగం వస్తే మన పల్లెలో రోగిని విడిగా ఉంచే భవనం ఏది? బడా, హాస్టలా, కమ్యూనిటీ హాలా? దానికి నీళ్ళు, మరుగుదొడ్లు, కిటికీలు ఉన్నాయా? రోగి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కూలి ఏ పద్దు కింద ఇస్తారు? చెత్త ఎత్తేవాళ్ళకి సరయిన మాస్కులు, బూట్లు, తొడుగులు ఇప్పుడు స్టోర్‌లో ఎన్ని ఉన్నాయి? జవాబు తీర్మానాల పుస్తకంలో ఎక్కించి, దాని నకలు తీసి మాకు పంపండి. వచ్చినవి వచ్చినట్టు అచ్చు వేస్తాం.