కట్టుకు ముందు ఎండ కావాలి

నల్లగొండ గుట్టల మీద, పాలమూరు చెలకల గట్ల మీద పొద్దెక్కగానే తొండలు బండల పైకి చేరతాయి. ఒళ్లు పరిచి ఎండ కాచుకుంటాయి. ఒంట్లో వేడి పుట్టాక పురుగుల వేటకు పోతాయి. మిట్టమధ్యాహ్నం నీడ చూసుకుంటాయి. తిన్నది అరగాలన్నా, ఎముక గట్టిపడాలన్నా వాటికి ఈ దినచర్యే ఆధారం. ఇదే కుటుంబానికి చెందిన దూరపు చుట్టం ఒకటి ఆస్ట్రేలియా నడిగడ్డ మీది మెట్ట నేలల్లో పుట్టింది. బెదిరితే గొంతు కింది ముళ్ల చర్మాన్ని ఉబ్బించి నల్లగా మార్చే ఆ తొండను బియర్డెడ్ డ్రాగన్ అంటారు. తోకతో కలిపి అడుగున్నర నుంచి రెండడుగుల దాకా పెరుగుతుంది. సాధు జంతువు, చేతి మీద నిమ్మళంగా కూర్చుంటుంది. అందుకే ప్రపంచమంతటా పెంపుడు జంతువైంది. హైదరాబాద్ వంటి నగరాల్లోనూ దాన్ని కొని పెంచుకునేవారున్నారు. అక్కడి నుంచి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో అది చేరడం ఎంతో సేపటి పని కాదు.

చిక్కంతా దాని పిల్లకు కాలు దెబ్బతిన్నప్పుడు మొదలవుతుంది. నిన్నటిదాకా పురుగుల వెంట పరుగెత్తిన పిల్ల ఇవాళ ఒక కాలు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు చేతిలోంచి జారిందనో, కొమ్మ మీది నుంచి పడిందనో అనుకుంటారు. గుడ్డపీలిక చుట్టాలా, పసుపు పెట్టాలా, దానంతట అదే తగ్గేదాకా ఆగాలా అన్నది తేలదు.

వీటిలో ఏదీ సరైన దారి కాదు. అడుగు ఎత్తు నుంచి పడితేనే తొండ పిల్ల కాలు విరిగిందంటే ముందు ఆ ఎముకనే అనుమానించాలి. పెంపుడు బియర్డెడ్ డ్రాగన్ పిల్లల్లో తరచూ కనిపించే జబ్బు ఎముకలు మెత్తబడటం. తిండిలో కాల్షియం చాలక, ఒంట్లో డి విటమిన్ తయారుకాక రక్తంలో కాల్షియం పడిపోతుంది. గుండె, కండరాలు ఆడాలంటే అది తప్పనిసరి. అందుకని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగి రక్తంలోకి పంపుతుంది. పెరిగే వయసులో ఇలా కొన్ని వారాలు జరిగితే ఎముక డొల్లబారుతుంది. దవడ నొక్కితే మెత్తగా వంగుతుంది, వేళ్లు వణుకుతాయి, పిల్ల పొట్ట నేలకు ఆనించి పాకుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. కాలు విరగడం ఈ వరసలో చివర బయటపడే సంగతి.

ఎముకకూ తిండికీ ఉన్న ఈ లంకె నల్లగొండకు కొత్తగా చెప్పాల్సింది కాదు. భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ ఈ జిల్లాలో తరాల తరబడి మనుషుల ఎముకలను వంచేసింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి రాశారు. కాల్షియం తక్కువైన తిండి తినేవారి మీద ఫ్లోరైడ్ దెబ్బ మరింత గట్టిగా పడుతుందని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. ఆ మనుషుల బాధను పెంపుడు జంతువు బాధ పక్కన పెట్టి తూచడం ఇక్కడ ఉద్దేశం కాదు. వంగిన కాలిని చూసినప్పుడు తాగే నీటినీ తినే తిండినీ అడగాలన్న పాఠం ఈ జిల్లా ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకుంది. ఆ పాఠం ఇక్కడా పనికొస్తుంది.

ఇక ఎండ సంగతి. వేసవిలో నలభై అయిదు డిగ్రీలు తాకే ఈ సీమలో ఒక తొండకు ఎండ కరువైందంటే నమ్మబుద్ధి కాదు. కానీ గాజుపెట్టెలో సరిగ్గా అదే జరుగుతోంది. చర్మంలో డి విటమిన్ తయారుకావాలంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం ఒంటికి తగలాలి. మామూలు గాజు వెలుతురును, వేడిని లోపలికి రానిస్తుంది, యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. కిటికీ పక్కన పెట్టె పెట్టి ఎండ తగులుతోందనుకునే యజమాని నిజానికి పిల్లను వేడి చేస్తున్నాడు తప్ప దాని ఎముకకు కావలసింది ఇవ్వడం లేదు. మామూలు బల్బూ అంతే. సరీసృపాల కోసం తయారైన యూవీబీ ట్యూబులైట్‌ను రోజుకు పది పన్నెండు గంటలు వెలిగించాలి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి, ఎందుకంటే కంటికి వెలుగుతూనే ఉన్నా అందులోంచి వచ్చే యూవీబీ క్రమంగా తగ్గిపోతుంది.

అంతకంటే మంచి దారి మన వాకిట్లోనే ఉంది. పొద్దుటి లేత ఎండలో వలజాలీ పెట్టెలో, సగం నీడ ఉండేలా, పావుగంటో అరగంటో పిల్లను కూర్చోబెట్టి పక్కనే కాపలా ఉంటే చాలు. కాకి, పిల్లి రెండూ దానికి గండమే. గాజుపెట్టెను మాత్రం ఎండలో పెట్టకూడదు. లోపలి వేడి నిమిషాల్లో ప్రాణం తీసేంతగా పెరుగుతుంది.

తిండి విషయంలోనూ మన పెరడు కొంత ఆదుకుంటుంది. పిల్ల వయసులో వీటి ఆహారం ప్రధానంగా పురుగులే. పెంపకపు కీచురాళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందువల్ల భాస్వరం కలవని కాల్షియం పొడిని వాటికి పట్టించి వేయాలి. మొత్తం తిండిలో భాస్వరం ఒక పాలు ఉంటే కాల్షియం రెండు పాళ్లు ఉండాలన్నది లెక్క. ఆకుకూరల్లో మునగాకు కాల్షియానికి పేరుపొందింది. పాలకూర, గోంగూరల్లోని ఆక్సాలిక్ ఆమ్లం మాత్రం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది, ఒంటికి పట్టనివ్వదు. ఖర్చు కలిసొస్తుందని చేలోంచి మిడతలను పట్టి తెచ్చి వేయడం ఈ రెండు జిల్లాల్లో మరీ ప్రమాదం. ఇక్కడ పత్తి చేలెక్కువ, పత్తి మీద పురుగుమందుల పిచికారీ ఎక్కువ. మిణుగురుల జోలికి అసలే పోకూడదు. అమెరికాలో వాటిని తిన్న బియర్డెడ్ డ్రాగన్‌లు చనిపోయిన సంగతి పశువైద్య పత్రికల్లో నమోదైంది.

దెబ్బకు వేరే కారణాలూ ఉంటాయి. దుకాణాల్లో ఒకే తొట్టిలో పదుల పిల్లలను కుక్కితే ఆకలికి ఒకదాని వేళ్లు, తోక కొసలు ఇంకొకటి కొరుకుతుంది. బల్లికి తోక తిరిగి మొలిచినట్టు వీటికి మొలవదు. కుబుసం వేలి చుట్టూ బిగుసుకుపోతే రక్తం ఆడక వేలు నల్లబడి రాలిపోతుంది. తినకుండా పెట్టెలో వదిలేసిన కీచురాళ్లు రాత్రిపూట పిల్లనే కొరుకుతాయి. ఏ కారణమో తేలాలంటే పశువైద్యుడి చేయి, ఎక్స్‌రే కావాలి.

డాక్టరు దగ్గరికి చేర్చేలోపు ఇంట్లో చేయాల్సినవి కొన్నే. మిగతా పిల్లల నుంచి వేరు చేయాలి. ఎక్కడానికి కొమ్మలు, రాళ్లు లేని పొట్టి పెట్టెలో ఉంచాలి. ఇసుక తీసేసి కాగితం పరవాలి. ఒక మూల నలభై డిగ్రీల దగ్గర వేడి, ఇంకో మూల పాతిక దాటిన చల్లదనం ఉండాలి. ఒంట్లో వేడి లేకపోతే దానికి తిండీ అరగదు, గాయమూ మానదు. పైన గాయం ఉంటే నీళ్లు కలిపి పలుచన చేసిన పోవిడోన్ అయోడిన్‌తో తుడవాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే సరీసృపాల పేగుల్లోనూ సాల్మొనెల్లా ఉంటుంది, అయిదేళ్ల లోపు పిల్లలకు అది ముప్పు.

చేయకూడనివి చెప్పడం ఇంకా ముఖ్యం. గొర్రెపిల్ల కాలు విరిగితే వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, నెల తిరిగేసరికి మందలో నడిపించే కాపరులు ఈ జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. అది గౌరవించదగ్గ విద్య. అయితే ఆ కట్టు గట్టి ఎముకకు పనిచేస్తుంది. మెత్తబడ్డ ఎముకకు బద్ద బిగిస్తే బద్ద అంచు దగ్గర మళ్లీ విరుగుతుంది. తొండ పిల్లకు ముందు కాలైతే ఒంటికి ఆనించి, వెనక కాలైతే తోక మొదలుకు ఆనించి మెత్తటి టేపుతో కదలకుండా ఉంచుతారు. అంతకుముందే కాల్షియం చికిత్స మొదలుపెడతారు. ఎముక అతకడానికి మేకకో కుక్కకో పట్టే కాలం కంటే ఎక్కువే పడుతుంది, నెలలూ పట్టవచ్చు.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రను విరిచి నోట్లో వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. యాభై గ్రాములు కూడా తూగని ప్రాణికి మందు మోతాదు మిల్లీగ్రాముల్లో చిన్న భాగం. ఒక జీవికి మేలు చేసిన మందు మరో జీవిని చంపగలదని దేశానికి తెలిసింది రాబందుల వల్ల. పశువులకు నొప్పి తగ్గించిన డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేసరికి దేశంలో రాబందులు తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి.

ఇక్కడే అసలు లోటు బయటపడుతుంది. పిల్లను తీసుకుని వెళ్లడానికి ఈ జిల్లాల్లో చోటేది? ఇక్కడి పశువైద్యులకు గొర్రెలు, మేకలు, బర్రెలతో ఊపిరాడని పని. 2017లో మొదలైన 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు పాడికీ జీవాలకూ ఉద్దేశించినవి. సరీసృపాల మీద చేయి తిరిగినవారి కోసం హైదరాబాద్ పరుగెత్తాల్సిందే. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కులో సరీసృపాలను చూసే వైద్యులున్నారు. ఆ నేర్పు రాజధాని దాటి జిల్లాలకు రావాలి.

డబ్బుండి సరదాకు పెంచుకునేవారి కోసం ప్రభుత్వం ఎందుకు ఖర్చు చేయాలని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు నల్లమలలో ఉంది. హైదరాబాద్–శ్రీశైలం రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యగా పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అక్కడ వాహనాలను ఆపేది వన్యప్రాణుల కోసమే. కానీ ఉడుము, తొండ పగటి జీవులు. వాటిని చక్రాల నుంచి ఆ నిషేధం కాపాడదు. ఉడుమును మాంసం కోసం, నూనె కోసం పట్టి, కాళ్లు వెనక్కి విరిచి కట్టి అమ్ముతారు. మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టి హత్తా జోడీ అనే వేరుగా నమ్మించి అమ్ముతున్న వ్యాపారం 2017లో బయటపడింది. అటవీ సిబ్బంది పట్టుకున్న ఉడుముకో, దొంగ రవాణాలో దొరికిన నక్షత్ర తాబేలుకో కాలు విరిగి ఉంటే చూడాల్సింది ఎవరు? పెంపుడు డ్రాగన్‌కు కట్టు కట్టగల చేయి ఉడుముకూ కట్టగలదు. పిల్లలు రాళ్లు రువ్వి కూలదోసిన తొండకూ కట్టగలదు. 1995 నుంచి హైదరాబాద్ కేంద్రంగా పాములను కాపాడి అటవీశాఖకు అప్పగిస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థలకూ జిల్లాల్లో అలాంటి వైద్యులు తోడుండాలి.

అరుదైన వైద్యం ఈ ప్రాంతం చేసి చూపించింది కూడా. 2018లో మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, ఏడు వందల ఏళ్లదిగా చెప్పుకునే ఆ చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. జిల్లా యంత్రాంగం తలచుకుంటే తొండ కాలు అందని పని కాదు.

కొనేవారి బాధ్యత దీనికంటే ముందుది. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వ్యాపార ఎగుమతిని దశాబ్దాల కిందటే ఆపేసింది. ఇప్పుడు అమ్మకానికి వచ్చే డ్రాగన్‌లు బోనుల్లో పుట్టిన తరాలవి. విదేశీ జంతువులను సూట్‌కేసుల్లో దాచి తెస్తూ చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో పట్టుబడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ప్రయాణంలోనే కాళ్లు విరిగే పిల్లలుంటాయి. విదేశీ జాతుల వివరాలు స్వచ్ఛందంగా నమోదు చేయమని కేంద్రం 2020లో కోరింది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించింది. దుకాణదారుడు బిల్లు ఇవ్వకపోతే, పిల్ల ఎక్కడ పుట్టిందో చెప్పకపోతే వెనక్కి తిరిగి రావాలి. యూవీబీ దీపం, కాల్షియం పొడి, ఎక్స్‌రే ఖర్చు భరించలేనివారు కొనకూడదు. ఇది ఖరీదైందని మన ఉడుమునో ఊసరవెల్లినో పట్టి పెంచుకోవాలనుకుంటే అది నేరం. ఉడుము చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, శిక్ష మూడేళ్ల జైలు నుంచి మొదలవుతుంది.

పశుసంవర్ధక శాఖ చేయాల్సింది పెద్దదేమీ కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా పశువైద్యశాలల నుంచి ఇద్దరిద్దరు డాక్టర్లను ఎంపిక చేసి రాజేంద్రనగర్‌లోనూ జూపార్కులోనూ సరీసృపాల వైద్యంలో శిక్షణ ఇప్పించాలి. చిన్న జీవులకు సరిపోయే ఎక్స్‌రే సదుపాయం కల్పించాలి. వారానికి ఒక పూట వాటి కోసం కేటాయించి, ఆ రోజేదో బోర్డు మీద రాయాలి. పెంపుడు జంతువుకు రుసుము తీసుకోవచ్చు, అటవీ సిబ్బంది తెచ్చిన ప్రాణికి ఉచితంగా చూడాలి. వచ్చే వేసవిలోపు ఈ నాలుగూ మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, రెండు శాఖలు ఒకచోట కూర్చుని ఒక ఉత్తర్వు రాసుకుంటే సరిపోతుంది.