మూడో నాబ్ ఎవరు కట్టాలి?

మా మామకి పామిడిలో ఒక చిన్న టిఫిన్ హోటల్ ఉంది. గుత్తి నుంచి అనంతపురం పోయే హైవేకి దగ్గర్లోనే. పొద్దున ఆరుకల్లా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ రెడీగా ఉండాలి, అంటే నాలుగున్నరకే పొయ్యి వెలగాలి. ఇంటర్ సెలవుల్లో నేను అక్కడ బిల్లులు రాసేవాడిని, చట్నీ అందించేవాడిని. పొయ్యి వెలిగించడం మాత్రం మామ దగ్గరుండి నేర్పించినాడు. "ముందు నిప్పు చూపించు, తర్వాతే గ్యాస్ తిప్పు. ఉల్టా చేస్తివా, మీసాలు రాకముందే పోతాయి అల్లుడా" అన్నాడు.

ఇంట్లో స్టవ్‌కీ హోటల్ భట్టీ పొయ్యికీ చాలా తేడా ఉంది. ఇంట్లో 14.2 కిలోల ఎర్ర సిలిండర్, చిన్న మంట. హోటల్లో 19 కిలోల సిలిండర్, హై ప్రెషర్ రెగ్యులేటర్, ఒకే పైపు మీద రెండు మూడు బర్నర్లు. నాబ్ కొంచెం తిప్పితేనే బుస్సుమని వస్తుంది. అందుకే కాగితం చుట్టి అంటించి, దాన్ని బర్నర్ దగ్గర పెట్టి, మొహం పక్కకి తిప్పుకొని, నాబ్ మెల్లగా తెరవాలి. అంటుకోకపోతే వెంటనే కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఆగరు, బయట కస్టమర్లు నిలబడి ఉంటారు కదా.

ఇక ఆర్పడం. ఇక్కడ నా సీఎస్సీ బుర్ర దెబ్బతినింది. చివర తెరిచింది మొదట మూయాలి, స్టాక్ లాగా, అనుకున్నాను. ముందు సిలిండర్, తర్వాత బర్నర్ తెరిచాం కాబట్టి ముందు బర్నర్ కట్టి, తర్వాత సిలిండర్ కట్టాలి అని. కానీ రాత్రి షాపు మూసేటప్పుడు అలా చేస్తే పైపు నిండా గ్యాస్ ప్రెషర్‌తో అలాగే మిగిలిపోతుంది. పైపుకి చిన్న చీలిక ఉన్నా రాత్రంతా అది గదిలోకి వస్తుంది. అందుకని ముందు సిలిండర్ కట్టాలి, పైపులో మిగిలింది మండి మంట దానంతటదే ఆరిపోవాలి, అప్పుడు బర్నర్ నాబ్‌లు కట్టాలి. అంటే స్టాక్ కాదు, క్యూ.

ఈ పద్ధతి మంచిదే. కానీ దీంట్లో ఒక బగ్ ఉంది, అది పోయిన సంవత్సరం మా మామ హోటల్లోనే బయటపడింది.

రాత్రి మూసేది ఒక హెల్పర్ పిల్లాడు, నా వయసువాడే. సిలిండర్ కట్టినాడు. మంటలు ఆరిపోయినాయి. రెండు నాబ్‌లు కట్టినాడు. మూడోదాని మీద పెద్ద బాండ్లి ఉంది, దాని కింద నాబ్ తెరిచే ఉంది. మంట లేదు, చప్పుడు లేదు, వాసనా లేదు. తెరిచి ఉందని వాడికి చెప్పేది ఏదీ లేదు. పొద్దున వచ్చింది వేరే మనిషి, మాస్టర్. షట్టర్ సగమే ఎత్తినాడు. సిలిండర్ తిప్పినాడు, అగ్గిపెట్టె వెతుక్కున్నాడు, కాగితం అంటించినాడు, మొదటి బర్నర్ దగ్గర నిప్పు పెట్టినాకే నాబ్ తిప్పినాడు. మామ చెప్పిన రూల్ తు.చ. తప్పలేదు. కానీ ఈలోపు మూడో బర్నర్ నుంచి గ్యాస్ వస్తానే ఉంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, కాబట్టి కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం కలిసినా అంటుకుంటుంది. ఒక్కసారి భగ్గుమనింది. మాస్టర్ రెండు చేతులూ మోచేతుల దాకా కాలినాయి, కనుబొమ్మలు పోయినాయి. ప్రాణం దక్కింది. ఆయన మళ్లీ గరిటె పట్టడానికి మూడు నెలలు పట్టింది.

అందరూ హెల్పర్ పిల్లాడినే తిట్టినారు. వాడు ఆ వారమే పని మానేసి బెంగళూరు పోయినాడు. నేను ఈ వ్యాసం రాసేది వాడి కోసమే. తప్పు వాడొక్కడిదే అంటే నేను ఒప్పుకోను.

2014 జూన్ 27న కోనసీమలో నగరం గ్రామం దగ్గర గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. టీ కొట్టు పొయ్యి వెలిగించడంతో మంట అంటుకుందని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఆ గ్యాస్ వేరు, ఆ సైజు వేరు. కానీ అక్కడ కూడా లీకైంది పైపు, గుర్తుండిపోయింది మాత్రం టీ కొట్టు. ఆఖర్న అగ్గిపుల్ల గీసిన మనిషో, రాత్రి ఆఖర్న నాబ్ ముట్టుకున్న మనిషో మన కంటికి ఈజీగా కనిపిస్తారు. ముందు రోజు ఏ స్థితిలో వదిలారో తెలియకుండా, చీకట్లో, నిద్రమొహంతో ఒకడు సిలిండర్ తెరవాల్సి రావడమే అసలు సమస్య అని నా అభిప్రాయం.

దీనికి మందు పాతదే. 1821లో సీబెక్ కనిపెట్టిన విషయం, రెండు లోహాల జాయింట్‌ని వేడిచేస్తే కొంచెం కరెంట్ పుడుతుంది. పరీక్షకి మనమూ బట్టీ కొట్టినాం. ఆ థర్మోకపుల్‌ని మంటలో పెడితే, దాని కరెంట్‌తో ఒక అయస్కాంతం వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే కరెంట్ పోతుంది, వాల్వ్ మూసుకుంటుంది. నాబ్ ఎవరు మర్చిపోయినా పర్వాలేదు. గ్యాస్ గీజర్లలో ఇది ఉంటుంది. మామ హోటల్ పొయ్యికి లేదు. వెలిగించేటప్పుడు నాబ్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలని మాస్టర్లకి చిరాకు, రేటు ఎక్కువని ఓనర్లకి చిరాకు. హోటల్ పొయ్యిలకి దీన్ని తప్పనిసరి చేయాలని, అది లేని పొయ్యి అమ్మకూడదని నేను అంటాను.

మన సంగతీ చెప్పుకోవాలి. ప్రతి ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో నాలుగు 'స్మార్ట్ గ్యాస్ లీకేజ్ డిటెక్టర్లు' ఉంటాయి. ఆర్డుఇనో, ఎంక్యూ సెన్సర్, ఒక బజర్. నేనూ చేసినాను, మార్కులు కూడా వచ్చినాయి. థర్మాకోల్ ఇంటికి సెన్సర్ పైకప్పు దగ్గర అతికించినాను. ఎల్పీజీ కిందికి పోతుందని నాకు అప్పుడు తెలియదు, వైవాలో ఎవరూ అడగలేదు. అది నేలకి దగ్గర్లో ఉండాలి.

ఇంకొకటి, దేవుడి మీద గౌరవంతోనే చెప్తున్నా. మన హోటళ్లలో షట్టర్ ఎత్తగానే మొదటి పని పటం ముందు అగరబత్తి. దయచేసి మొదటి పని వాసన చూడటం అవ్వాలి. షట్టర్ పూర్తిగా ఎత్తి, తలుపులు తీసి, వాసన లేదని చూసుకొని, నాబ్‌లన్నీ చేత్తో తడిమి, ఆ తర్వాత అగరబత్తి. వాసన వస్తే లైటు, ఫ్యాన్ ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

నెల కిందట ఊరికి పోతే మామ కొత్త పద్ధతి చూపించినాడు. పామిడిలో కుట్టుపనికి తక్కువ లేదు, గుడ్డ ముక్కలకి అసలే తక్కువ లేదు. రాత్రి మూడు నాబ్‌లూ కట్టినవాడు సిలిండర్ మెడకి ఎర్ర గుడ్డ పీలిక కట్టాలి. పొద్దున వచ్చినవాడు పీలిక ఉన్నా సరే మూడు నాబ్‌లూ తడిమి చూసుకొని, అప్పుడే దాన్ని విప్పి సిలిండర్ తెరవాలి. రూపాయి ఖర్చు లేని ఫ్లాగ్ వేరియబుల్. ఆ థర్మోకపుల్ పొయ్యి ఎప్పుడు కొంటావు మామా అంటే, "దసరాకి చూద్దాంలే" అన్నాడు. పోయిన సంక్రాంతికీ ఇదే మాట అన్నాడు.